ఒక్క మందు డాక్టరు

మా కాలనీ చివర ఈ మధ్య ఒక మోటార్ వైండింగ్ దుకాణం వెలిసింది. పొద్దున నడకకు పోయేటప్పుడు దాని ముందు నుంచే పోవాలి. కొత్తగా చుట్టిన రాగి తీగ మీద వార్నిష్ పోసి ఆరబెడతారు. ఆ వాసన తియ్యగా మొదలై ఘాటుగా దిగి చాలాసేపు ముక్కును వదలదు. దానితో ఎవరికైనా కాలిన మోటారో, ఎండిన చేనో గుర్తు రావాలి. నాకు ఒక డాక్టరు గుర్తొస్తాడు. దేవరకొండలో అలాంటి దుకాణంలోనే, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, తన కొడుకు వయసున్న మెకానిక్ ముందు తల దించుకున్న డాక్టరు.

ఆయన పేరు పురుషోత్తం. ఎనభైల మధ్యలో నేను ఒక దినపత్రిక విలేకరిగా దేవరకొండ చేరేనాటికే ఆయన అక్కడ పాతకాపు. ఖిల్లా వైపు పోయే దారిలో రెండు గదుల దవాఖాన. బయటి గదిలో కంపౌండర్ హమీద్ భాయ్, లోపలి గదిలో ఆయన. ఊళ్లోనూ చుట్టుపక్కల తండాల్లోనూ ఆయనకు ‘ఒక్క మందు డాక్టరు’ అని పేరు. జ్వరమైనా, కడుపునొప్పైనా చీటీ మీద ఒకే మందు ఉండేది. రంగురంగుల గోళీలు, సీసాడు టానిక్, చివర్లో ఒక సూది లేకపోతే అది వైద్యమే కాదని జనం అనుకునే రోజులవి. జ్వరంతో మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

“ఇంతేనా సార్? సూది వేయరా?” అని అడిగాను.

“సూది కావాలంటే బస్టాండు కాడికి పో. ఆడ నొప్పి లేనోనికి గూడ పొడుస్తరు,” అన్నాడాయన, తల ఎత్తకుండా.

బయటి గదిలోంచి హమీద్ భాయ్ గొంతు వినిపించింది. “జర ఒకటి రాయుండ్రి సారు. సూదుల డబ్బల చీమలు కాపురం పెట్టినయ్.”

అప్పుడు డాక్టరు కలం పక్కన పెట్టి నాకు విడమరిచి చెప్పాడు. “రెండు మందులు కలిపి ఇచ్చిన అనుకో. నీకు తగ్గుతది. ఏది తగ్గించింది? నీకు తెల్వదు, నాకు తెల్వదు. ఒకటి ఇస్తే తెలుస్తది. తగ్గలేదా, ఇంకోటి చూస్తం. తొందరేముంది?” తర్వాతి సంవత్సరాల్లో ఈ మాటలు ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. బీదవాళ్ల ఊళ్లో ఆ పద్ధతి ఒక దయ. ఆ దయకు ఊరు ఆయనను మొక్కింది. ఆయనకూ ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

నా రాతను సరిచేసింది కూడా ఆయనే. పొద్దున టీ తాగుతూ పేపరు ముందేసుకుని నేను రాసిన వార్త మీద వేలు పెట్టేవాడు. ఒకసారి ఒక తండాలో కల్తీ కల్లు తాగి మనిషి చనిపోయాడని రాశాను.

“నువ్వు చూసినవా?”

“సర్పంచ్ చెప్పాడు సార్.”

“అయితే సర్పంచ్ చెప్పిండని రాయి. గాయనకు గుండె జబ్బు. నేనే చూస్తున్న. ఇయ్యాల్టి సంది ఆయన పెండ్లాం తాగుబోతోని పెండ్లాం అయింది.”

సవరణ వేయిస్తానన్నాను. లోపలి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో వేయడం మా ఆనవాయితీ.

“ఆమెకు చదువొస్తదా?” అని అడిగాడు. రాదన్నాను. “మరి ఆమె ఎట్ల చదువుతది నీ సవరణ? పో. పోయి చెప్పు.”

పోయాను. ఆ గడప ముందు నిలబడి నా తప్పు చెప్పడం ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తే. వార్త రాయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అలా తెలియజెప్పిన మనిషికే అంతకంటే కష్టమైన గడప ఎదురవుతుందని అప్పుడు నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు.

సైదులు దుకాణం బస్టాండు వెనుక ఉండేది. బోరు మోటార్లు చుట్టడంలో చేయి తిరిగినవాడు, నోరు మాత్రం దురుసు. కాలిన మోటారు పట్టుకొచ్చిన రైతును ముందు తిట్టి, తర్వాత పని మొదలుపెట్టేవాడు. మా వైపు మోటార్లు మూడు ఫేజుల కరెంటు మీద నడవాలి. ఒక ఫేజు పోవడం రోజూ ఉండేదే. చేను ఎండుతుంటే రైతుకు ఆగే ఓపిక ఉండదు. ఒక కండెన్సర్ తగిలించి రెండు ఫేజుల మీదే నడిపిస్తాడు. మోటారు తిరుగుతుంది, నీళ్లూ పోస్తుంది. కొన్నాళ్లకు లోపల చుట్ట మాడిపోతుంది. “నిజం చెప్పు, కండెన్సర్ పెట్టినవ్ గదా?” అని సైదులు నిలదీస్తుంటే పెద్ద పెద్ద మోతుబరులు కూడా నీళ్లు నమిలేవారు.

తొంభైలు సగానికి వచ్చేసరికి ఆ సైదులు చిక్కిపోయాడు. మోటారు ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. డాక్టరు హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేయించాడు. హెచ్‌ఐవి అని తేలింది. భార్య ఎల్లమ్మకు పరీక్ష చేస్తే లేదన్నారు. ఎట్లా వచ్చిందని డాక్టరు ఒక్కసారి కూడా అడగలేదు. ఊళ్లో మాత్రం లివర్ జబ్బని చెప్పుకున్నారు. ఆ జబ్బు పేరు బయటపడితే అతని దుకాణం మెట్లు ఎవరూ ఎక్కరు, వాళ్ల ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టరు. ఆ కాలం అటువంటిది. మందు హైదరాబాద్‌లోనే దొరికేది. ఆఫీసు పని మీద నేను తరచుగా పోతుంటాను కాబట్టి, సైదులును అడిగి, అతను సరేనన్నాకే డాక్టరు నాకు విషయం చెప్పాడు. అప్పటినుంచి మందు తెచ్చేది నేను.

మొదటి మందు పనిచేసింది. పనిచేయడమంటే అలా ఇలా కాదు. కొద్ది నెలల్లో సైదులు ముఖంలో కండ పట్టింది, తిట్లు తిరిగి వచ్చాయి. డాక్టరు దవాఖాన అరుగు మీద నిలబడి, రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ పోతున్న అతన్ని చూసి, “ఒక్క మందు,” అన్నాడు నాతో. ఆ గొంతులో గర్వం నాకు కూడా బాగుండింది.

ఏడాదికి పైగా గడిచాక మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. రెండో మందు కలుపుదామన్నాడు డాక్టరు. అది తేవడానికి హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి పోతే, అక్కడ వేణు అనే కుర్ర డాక్టరు నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఒకటి పోయాక ఇంకొకటి కలపడం ఇప్పుడు మానేశారనీ, మూడు కొత్త మందులు ఒకేసారి మొదలుపెడుతున్నారనీ, అవి ఖరీదే అయినా ఎలాగో చూద్దామనీ, ఒకసారి మాట్లాడమని మీ డాక్టరు గారికి చెప్పండనీ అన్నాడు. నేను వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మూడా? ఒకేపారా? హైదరాబాదోళ్లు గాలి గూడ మూడు పూటలు రాసిస్తరు.”

హమీద్ భాయ్ నవ్వాడు. నేనూ నవ్వాను. రెండో మందు మొదలైంది. మళ్లీ కొంత మేలు కనిపించింది. ఈసారి అది కొద్ది నెలలే నిలిచింది.

తర్వాతి సంవత్సరం హైదరాబాద్‌లో జిల్లాల డాక్టర్లకు ఒక సమావేశం పెట్టారు. పురుషోత్తం సారు నన్నూ రమ్మన్నాడు. చీకటి గదిలో తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది ఆ వేణు. నా వంటి వాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాడు. వైరస్ తన నకళ్లు తానే రాసుకుంటుంది. ఆ తొందరలో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందుకు చిక్కని నకలు అవుతుంది. ఒక్క మందే ఉంటే మిగతావి చచ్చి, చిక్కనిదే బతికి, ఒళ్లంతా నిండుతుంది. అప్పుడు రెండో మందు కలిపితే దాన్నీ అలాగే దాటేస్తుంది. మూడు మందులు ఒకేసారి మూడు దారులూ మూసేస్తే, మూడింటినీ కలిపి దాటగలిగే నకలు పుట్టడం చాలా కష్టం. “ఒకటొకటిగా కలుపుకుంటూ పోవడం వైద్యం కాదు. వైరస్‌కు మనమే దగ్గర కూర్చుని పాఠం చెప్పడం,” అన్నాడు. ఎవరినీ చూసి అనలేదు. నా పక్కన పురుషోత్తం సారు చేతిలోని కలం మూత పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

తిరుగు బస్సు మాల్ అనే ఊరు దాటింది. అప్పుడు ఆయన కిటికీ వైపు చూస్తూనే అన్నాడు, “నేనే నేర్పిన దానికి.”

“మొదటి మందు ఇచ్చినప్పుడు లోకమంతా అదే ఇచ్చింది కద సార్. ఎవరికి తెలుసు?” అన్నాను.

“మొదటిది సరే. రెండోది?” అని నా వైపు తిరిగాడు. “రెండోదానికి నువ్వు కబురు తెచ్చినవ్. నేను నవ్విన.”

అప్పుడు నేను అన్న మాట ఇది: “సైదులుకు ఇవన్నీ చెప్పకండి సార్. మందు మారుస్తున్నామని చెబితే చాలు. మీ పేరెందుకు చెడగొట్టుకోవడం?”

ఆయన కోప్పడలేదు. నన్ను కొంచెంసేపు చూశాడు. వేలు పెట్టి చదివే పేపరు చూసినట్టే చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు పగలే, నలుగురూ తిరిగే వేళలో, ఆయన సైదులు దుకాణానికి నడిచి వెళ్లాడు. అంతవరకూ సైదులే దవాఖానకు వెనుక తలుపు గుండా వచ్చేవాడు. నన్ను రమ్మని పిలవలేదు. నేనే వెంట పోయాను. ఎల్లమ్మ తీగ చుట్ట పట్టుకుని ఉంది, సైదులు లాగుతున్నాడు. డాక్టరు ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుని, ఏ దాపరికమూ లేకుండా మొత్తం చెప్పాడు. తాను ఒకటొకటిగా ఇవ్వడం వల్ల ఆ రెండు మందులూ అతనికి ఇక పనికిరాకుండా పోయాయని చెప్పాడు. కబురు వచ్చినా తాను లెక్కచేయలేదని చెప్పాడు.

సైదులు తీగ వదిలేశాడు. “అంటే, మూడు ఫేజుల మోటారును ఒక్క ఫేజు మీద నడిపినవ్.”

“అవ్.”

“తర్వాత రెండిటి మీద నడిపినవ్.”

“అవ్, సైదులు.”

“నేను రైతులను తిట్టేది గదే గద సారూ. వాళ్లు సదువుకోలే. నువ్వు సదువుకుంటివి.”

డాక్టరు తల దించుకున్నాడు. ఆ దుకాణంలో వార్నిష్ వాసన ఊపిరి ఆడనిచ్చేది కాదు. ఎల్లమ్మ అడిగింది, “గిప్పుడు గిదంత చెప్పుడెందుకు సారు? బతికే తొవ్వ ఉంటే చెప్పుండ్రి, లేకుంటే పోండ్రి.”

“తొవ్వ ఉన్నదమ్మా. ఆలస్యమైతే ఉండది.”

“నీ చేతి మందు నేను మింగ,” అన్నాడు సైదులు.

“మింగకు. నాకంటే తెలిసినాయన ఉన్నడు. ఆయన దగ్గరికి తీస్కపోత.”

సైదులు రానన్నాడు. వారాలు గడిచాయి. అతని ఒంట్లో మిగిలిన కండ కూడా కరిగిపోతోంది. డాక్టరు రోజూ సాయంత్రం ఆ దుకాణానికి పోయి, అదే డబ్బా మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చేవాడు. బస్టాండు జనం వింతగా చూశారు. చివరికి ఎల్లమ్మే మొగుడి చొక్కా సంచిలో పెట్టి, “ఈయన రోజు వచ్చి గిట్ల కూసుంటే నాకు బుగులైతాంది. పోదాం పా,” అంది.

వేణు గదిలో నలుగురం కూర్చున్నాం. పురుషోత్తం సారు మొదటి మాటగా, “మీరు కబురు పంపిన్రు. నేను నవ్విన,” అన్నాడు. ఆ కుర్రవాడు మొహమాటపడి, పర్లేదు సార్ అనబోయాడు. “కాదు, వినుండ్రి,” అని ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎప్పుడు పని చేయడం మానేసిందీ, రెండోది ఎప్పుడు కలిపిందీ పాఠం అప్పజెప్పే విద్యార్థిలా చెప్పుకుపోయాడు. అది చెప్పి తీరాలని నాకు అక్కడే అర్థమైంది. వైరస్ ఏ మందులను దాటిందో తెలిస్తేనే కొత్త మందులు ఎంచగలరు. ఆయన ఒక్క ముక్క దాచుకున్నా, ఆ ముక్క సైదులు ప్రాణం మీదికి వచ్చేది. నేను బస్సులో దాచమన్నది ఆ ముక్కనే.

మాట ముగిశాక సైదులు కుర్చీలో కదిలాడు. “ఆయన అంత చెప్పినంక నేను గూడ ఒకటి చెప్పాలె,” అన్నాడు. “పాణం మంచిగున్నప్పుడు నేను గోళీలు ఏసుకోలే.”

“ఎన్ని రోజులు?” అని అడిగాడు వేణు.

“శాన రోజులు. మంచిగున్నప్పుడు ఎందుకు ఒడగొట్టుకోవాలె? మా దిక్కు నీళ్లైనా గంతే గద సార్. ఉన్నప్పుడు దాస్తెనే ఎండకాలం ఎల్లుతది. జరమొచ్చినప్పుడు రెండేసి ఏసుకుందమని వార్నిష్ డబ్బల పెట్టిన.”

ఎల్లమ్మ అతని వైపు తిరిగింది. “గా డబ్బల గలగలమనేటివి గోళీలా? నేను మొలలనుకున్న గద.”

ఆ గదిలో నవ్వు వచ్చింది. పురుషోత్తం సారు మాత్రం నవ్వలేదు. మందు ఇచ్చానే గానీ, మింగుతున్నాడా అని తాను ఏనాడూ అడగలేదన్నాడు. వేణు ఇద్దరి మాటలూ విని, పాత రెండు మందులూ పూర్తిగా పక్కన పెట్టి, మూడూ కొత్తవే ఒకే రోజు మొదలుపెడదామన్నాడు. మందు ఒంట్లో తగ్గినప్పుడల్లా వైరస్‌కు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుందనీ, ఒంట్లో బాగున్నా, పండగైనా, ప్రయాణమైనా ఒక్క పూట కూడా ఆపకూడదనీ గట్టిగా చెప్పాడు. వాటిలో ఒకటి పరగడుపున, చెంబెడు నీళ్లతో మింగాలి.

ఆ తర్వాత ప్రతి పొద్దునా దవాఖాన తెరవకముందే డాక్టరు సైదులు ఇంటి ముందుండేవాడు.

“ఏసుకున్నవా?”

“కండ్ల ముంగటనే మింగిన గద సారు. నోరు తెర్వాల్నా ఏంది?”

“తెరువు.”

సైదులు తిట్టుకుంటూ నోరు తెరిచేవాడు. మొదట వాంతులు, తర్వాత నడుంనొప్పి. ఆ మందులు తేలికైనవి కావు. మానేస్తానన్న రోజుల్లో ఎల్లమ్మ చెంబు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. వర్షాలు వచ్చి పోయాయి. ఒక రోజు నేను పోయేసరికి సైదులు ఒక్కడే మోటారు ఎత్తి బల్ల మీద పెడుతున్నాడు. “ఏం చూస్తున్నవ్ అన్నా, దిష్టి తగుల్తది,” అన్నాడు. ఆ కబురు చెబుదామని దవాఖానకు పరుగెత్తాను. డాక్టరు విని తల ఊపి, ఎదురుగా ఉన్న రోగి నాడి పట్టుకున్నాడు. ‘ఒక్క మందు’ అన్నప్పటి గొంతు నాకు మళ్లీ వినిపించలేదు.

ఆయన సిగ్గు అంతటితో తీరలేదు. రామన్నపేట వైపు నుంచి వచ్చి చూపించుకున్న మరొక యువకుడికీ ఆయన ఒకటొకటిగానే మందులు ఇచ్చాడు. అతను అప్పటికే చనిపోయాడు. అతని ఇంటికి పోయి చెప్పాలని డాక్టరు నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు. గడపలో ముసలి తండ్రి నిలబడి ఉన్నాడు. డాక్టరు జబ్బు పేరు ఎత్తేలోపే, “మా వానికి కామెర్లు. ఊరంత తెలుసు. నువ్వెవరో నాకు తెల్వదు,” అని తలుపు దగ్గరగా వేశాడు. లోపల ఎవరో దగ్గిన చప్పుడైంది. డాక్టరు చెప్పులు వేసుకుని వెనక్కి తిరిగాడు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే మోసుకు రావాల్సి వచ్చింది. దారిలో, “ఆయన తప్పేం లేదు,” అని మాత్రం అన్నాడు.

కొత్త శతాబ్దం రాకముందే పురుషోత్తం సారు గుండెపోటుతో పోయాడు. మా పత్రిక నన్నే సంతాప వ్యాసం రాయమంది. రాత్రంతా కూర్చున్నాను. ఆయన చేసిన పనులన్నిటిలో పెద్దది, ఆ డబ్బా మీద కూర్చుని సైదులుతో తన తప్పు చెప్పడం. అది రాస్తే సైదులు జబ్బు బయటపడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. పేరు లేకుండా, ఊరు లేకుండా రాయడం నాకు చేతకాని పని కాదు. అలాంటివి ఎన్నో రాశాను. అసలు భయం వేరే. ఊరు మొక్కిన మనిషి మీద మచ్చ రాసినవాడినవుతానని. కాబట్టి బీదల డాక్టరు, ఒక్క మందుతో వేలమందిని నిలబెట్టిన వాడు, హస్తవాసి గల వాడు, ఏనాడూ పొరపాటు ఎరుగని వాడు అని రాశాను. ఆయన బతికి ఉంటే ఆ చివరి మాట మీద వేలు పెట్టి ఉండేవాడు. ‘నువ్వు చూసినవా?’

వ్యాసం అచ్చైన రోజు ఊరంతా మెచ్చుకుంది. హమీద్ భాయ్ దాన్ని కత్తిరించి దవాఖాన గోడకు అంటించాడు. సాయంత్రం సైదులు దుకాణానికి పోయాను. మరొకరితో చదివించుకుని విన్నాడట. పేపరు బల్ల మీద మడత పెట్టి ఉంది. నేను కూర్చున్నాక అతను చాలాసేపు తీగ చుడుతూనే ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎవరినైనా తిట్టే మనిషి.

“మంచిగ రాసినవ్ అన్నా,” అన్నాడు చివరికి, చేయి ఆపకుండానే. “గని గీయన ఎవరో నాకు తెల్వదు.”

ఆ తర్వాత మిగిలిన ఉద్యోగమంతా ఎందరి గురించో రాశాను. ఒక మనిషి గురించి మంచి మాట రాసిన ప్రతిసారీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ మనిషిని దగ్గరగా ఎరిగిన సైదులు లాంటి వాడు ఇది విని గుర్తుపడతాడా అని. ఈ నాలుగు పేజీలు సైదులును అడిగి, అతను సరేనన్నాకే రాశాను. ఇందులోని డాక్టరును గుర్తుపట్టాడో లేదో అడిగే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.